గ్యారేజీ నేల వేడికి ఎంత బాయిలర్ కావాలి, ఏ రకం కావాలి?

గ్యారేజీ కాంక్రీటు నేలలో పైపులు పరిచి వేడినీళ్లు తిప్పాలనుకునేవారు మొదట అడిగేది "ఇన్ని చదరపు మీటర్లకు ఎంత బాయిలర్ పెట్టాలి?" అని. వైశాల్యం ఒక్కటే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవారిని నమ్మకండి. ఒకే కొలతతో పక్కపక్కనే ఉన్న రెండు గ్యారేజీల్లో ఒకదానికి నాలుగున్నర కిలోవాట్లు సరిపోవచ్చు. రెండోదానికి పన్నెండు కిలోవాట్లు పెట్టినా చలి వదలకపోవచ్చు. గోడలు, తలుపు, స్లాబు (అంటే ఇక్కడ కాంక్రీటు నేల) అంచు, గాలి చొరబాటు ఈ తేడాను తెస్తాయి. అందుకే బాయిలర్ రకాల్లోకి వెళ్లేముందు లెక్క చూద్దాం. లెక్క తేలితే సగం రకాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

## ఎంపికకు ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, లోపల ఎంత వెచ్చదనం కావాలి? కారు, నీళ్ల పైపులు గడ్డకట్టకుండా ఉంటే చాలనుకుంటే 5 నుంచి 7 డిగ్రీలు. పనిముట్లకు తుప్పు పట్టకూడదు, అప్పుడప్పుడూ ఏదో ఒక పని చేసుకోవాలి అంటే 10 నుంచి 12. రోజూ గంటల తరబడి పని చేసే చోటైతే 15 నుంచి 18. నేల వెచ్చగా ఉంటే గాలి 15 డిగ్రీల్లో ఉన్నా ఒంటికి చలి వేయదు. కాబట్టి ఇంట్లో పెట్టుకునే 20, 21 ఇక్కడ అక్కర్లేదు.

రెండోది, మీ ప్రాంతంలో బాగా చలిగా ఉండే రోజు ఉష్ణోగ్రత. ఎప్పుడో ఒక రాత్రి నమోదైన రికార్డు చలిని పట్టుకుని లెక్క వేయకండి. హీటింగ్ పనివారు వాడే స్థానిక డిజైన్ ఉష్ణోగ్రత తీసుకోండి. అంతకన్నా చల్లగా ఉండే కొద్ది గంటలను స్లాబులో దాగిన వేడి గట్టెక్కిస్తుంది.

మూడోది, ఆ రోజున గంటకు బయటికి పోయే వేడి. నాలుగోది, నేల ఇవ్వగలిగిన గరిష్ఠ వేడి. ఐదోది, బాయిలర్ ఎంత తక్కువకు దిగి నిలకడగా మండగలదు. ఈ ఐదోదాన్ని కొనేవారిలో చాలామంది అడగనే అడగరు, తర్వాత ఇబ్బంది మాత్రం ఎక్కువగా దానితోనే వస్తుంది.

## ఒక గ్యారేజీ, రెండు లెక్కలు

రెండు కార్లు పట్టే విడి గ్యారేజీ అనుకుందాం. పొడవు 7 మీటర్లు, వెడల్పు 7, ఎత్తు 2.7. నేల 49 చదరపు మీటర్లు, లోపలి గాలి సుమారు 132 ఘన మీటర్లు, చుట్టుకొలత 28 మీటర్లు. లోపల 15 డిగ్రీలు కావాలి, బయట మైనస్ 15. తేడా 30 డిగ్రీలు.

గోడ, కప్పు, తలుపు, కిటికీలకు సూత్రం తేలిక. యూ-విలువను (ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా పోయే వాట్లు) వైశాల్యంతో, ఆపైన ఉష్ణోగ్రతల తేడాతో హెచ్చించాలి. గాలికి మరో సూత్రం: గంటకు ఎన్నిసార్లు లోపలి గాలి మారుతుందో ఆ సంఖ్యను ఘనపరిమాణంతో, తేడాతో, 0.33తో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. స్లాబు అంచుకు మాత్రం వైశాల్యాన్ని బట్టి కాక చుట్టుకొలతను బట్టి లెక్క వేయాలి. వేడి పైపులున్న స్లాబుకు అంచున ఇన్సులేషన్ (వేడి పోకుండా అడ్డుకునే పొర) లేకపోతే మీటరుకు, డిగ్రీకి సుమారు 2.3 వాట్లు పోతాయి. ఉంటే ఇక్కడ 1 వాటు అనుకున్నాను.

| వేడి పోయే చోటు | ఇన్సులేషన్ ఉన్న గ్యారేజీ (వాట్లు) | లేని గ్యారేజీ (వాట్లు) |
|---|---|---|
| గోడలు, 62 చదరపు మీటర్లు | 650 (యూ 0.35) | 3,720 (యూ 2) |
| కప్పు, 49 చదరపు మీటర్లు | 295 (యూ 0.2) | 1,470 (యూ 1) |
| కారు తలుపు, 10 చదరపు మీటర్లు | 450 (యూ 1.5) | 1,500 (యూ 5) |
| కిటికీ, చిన్న తలుపు, 4 చదరపు మీటర్లు | 240 (యూ 2) | 600 (యూ 5) |
| గాలి చొరబాటు | 1,305 (గంటకు 1 సారి) | 2,610 (గంటకు 2 సార్లు) |
| స్లాబు అంచు, 28 మీటర్లు | 840 | 1,930 |
| మొత్తం | సుమారు 3,800 | సుమారు 11,800 |

ఇన్సులేషన్ ఉన్న గ్యారేజీ అంకెల్లో గాలి చొరబాటు వాటా చూడండి. అన్నిచోట్లా ఇన్సులేషన్ వేసిన గ్యారేజీలో మూడో వంతు వేడి సందుల గుండానే పోతోంది. కారు తలుపు కింది రబ్బరు పట్టీ, పక్క సీళ్లు మార్చడం బాయిలర్ సైజు పెంచడం కన్నా ఎంతో చౌక.

3,800 వాట్లను 30తో భాగిస్తే డిగ్రీకి సుమారు 127 వాట్లు. ఈ ఒక్క అంకె రాసిపెట్టుకోండి. 15 బదులు 7 డిగ్రీలు చాలనుకుంటే అవసరం సుమారు 2.8 కిలోవాట్లకు దిగుతుంది. బాయిలర్ల మీద బీటీయూల్లో రాసి ఉంటే, గంటకు 3,412 బీటీయూలు ఒక కిలోవాటు. మన 3.8 కిలోవాట్లు గంటకు 13,000 బీటీయూలన్నమాట. దీనికి 15, 20 శాతం కలిపితే 4.5 కిలోవాట్లు. అంతకుమించి కలపాలంటే గట్టి కారణం ఉండాలి.

## నేల ఎంత ఇస్తుంది?

నేల ఉపరితలం గదిలోని గాలి కన్నా ఎన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటే, ఒక్కో డిగ్రీకి చదరపు మీటరుకు సుమారు 11 వాట్లు ఇస్తుంది. ఇన్సులేషన్ ఉన్న మొదటి గ్యారేజీలో చదరపు మీటరుకు కావాల్సింది 77 వాట్లు. నేల 22 డిగ్రీల్లో ఉంటే చాలు. పైపుల్లో నీళ్లు 30, 35 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది.

రెండో గ్యారేజీలో 241 వాట్లు కావాలి. నేల 37 డిగ్రీల దాకా కాగితే తప్ప అంత రాదు. మనుషులు మసలే నేలకు యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 1264 పెట్టిన హద్దు 29 డిగ్రీలు. ఆ హద్దులో ఉంటే 15 డిగ్రీల గదికి చదరపు మీటరుకు 150 వాట్లు, కొంచెం అటూఇటూ. పైగా పనిముట్ల బీరువాలు, బల్లలు నేలను కొంత కప్పేస్తాయి. నేల వేడెక్కేకొద్దీ అంచుల గుండా, కింది మట్టిలోకి పోయే వేడి కూడా పెరుగుతుంది. ఇలాంటి గ్యారేజీకి పెద్ద బాయిలర్ కొనడం డబ్బు వృథా. ఆ డబ్బు ముందు గోడలకు, తలుపుకు పెట్టాలి.

## స్లాబు ఒక పెద్ద నిల్వ

100 మిల్లీమీటర్ల మందం ఉన్న మన 49 చదరపు మీటర్ల స్లాబు బరువు 11 టన్నుల పైమాటే. దాన్ని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి సుమారు 2.75 కిలోవాట్ గంటలు కావాలి. మంచీ చెడూ రెండూ ఇక్కడినుంచే వస్తాయి.

మంచి ముందు. మంచు పేరుకున్న కారు లోపలికి వచ్చిందనుకోండి. 1,500 కిలోల కారు మైనస్ 10 నుంచి 15 డిగ్రీలకు రావడానికి సుమారు 5 కిలోవాట్ గంటలు పడుతుంది. చక్రాల పక్కన, అడుగున అంటుకున్న 30 కిలోల మంచు కరగడానికి దాదాపు మరో 3. వెరసి 8 కిలోవాట్ గంటలు. ఇదంతా స్లాబే భరించినా దాని ఉష్ణోగ్రత 3 డిగ్రీలు తగ్గుతుంది, అంతే. బాయిలర్ తర్వాత నిదానంగా పూడ్చుకుంటుంది. తలుపు తీసినప్పుడు గాలంతా ఒకసారి మారిపోతే పోయేది సుమారు 1.3 కిలోవాట్ గంటలు. అదీ అంతే. కాబట్టి "కారు వస్తూ పోతూ ఉంటుంది, తలుపు తెరుస్తూ ఉంటాం" అని బాయిలర్‌ను రెట్టింపు చేయక్కర్లేదు.

ఇక చెడు. వారమంతా 7 డిగ్రీల్లో ఉంచి, శనివారం పొద్దున 15 కావాలంటే స్లాబులోకి సుమారు 27 కిలోవాట్ గంటలు ఎక్కాలి. తీవ్రమైన చలిలో, నష్టం పోగా 4.5 కిలోవాట్ల బాయిలర్‌కు మిగిలేది కిలోవాటుకు కాస్త పైన. దాదాపు ఒక రోజంతా పడుతుంది. 6 కిలోవాట్లతో పది గంటలు, 10 కిలోవాట్లతో నాలుగు గంటలు. స్విచ్చి వేసిన అరగంటలో వెచ్చబడాలంటే నేల వేడి మీకు తగినది కాదు. గాలిని వేడి చేసే యూనిట్ హీటర్ పెట్టుకోండి.

## బాయిలర్ ఎంత తక్కువకు దిగగలదు?

బయట 5 డిగ్రీలున్న రోజున మన గ్యారేజీకి కావాల్సింది 1.3 కిలోవాట్ల లోపే. శీతకాలంలో ఎక్కువ రోజులు తీవ్రమైన చలి కన్నా ఇలాంటి వాతావరణంలోనే గడుస్తాయి. 25 కిలోవాట్ల గ్యాస్ బాయిలర్ ఐదో వంతుకు దిగగలిగినా కనీసం 5 కిలోవాట్లు. అవసరానికి నాలుగు రెట్లు.

ఇది ఎంత ప్రమాదమన్నది పైపుల అమరికను బట్టి ఉంటుంది. స్లాబు మొత్తం ఒకే జోన్ (ఒకే థర్మోస్టాట్ నడిపే భాగం) అయితే 5 కిలోవాట్లంటే చదరపు మీటరుకు 100 వాట్లు. చల్లబడిన కాంక్రీటు దాన్ని హాయిగా మింగేస్తుంది. థర్మోస్టాట్ ఆన్, ఆఫ్ మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలు పెడితే బాయిలర్ గంటల తరబడి ఆగకుండా నడిచి, గంటల తరబడి ఆగుతుంది. అదే 20 కిలోవాట్లకు తగ్గని పాతరకం బాయిలర్ అయితే చదరపు మీటరుకు 400 వాట్లు. స్లాబు అంత వేగంగా తీసుకోలేదు. తిరిగొచ్చే నీళ్లు వేడెక్కి, బాయిలర్ నిమిషాల్లో ఆరిపోయి, మళ్లీ వెలుగుతుంది. ఇలా రోజంతా వెలిగి ఆరుతూ ఉంటే ఇంధనం వృథా, ఇగ్నైటరు, వాల్వులు త్వరగా పాడవుతాయి.

గ్యారేజీని రెండు మూడు జోన్లుగా విడగొడితే 5 కిలోవాట్లు కూడా ఎక్కువే. అప్పుడు మిగులు వేడిని నీళ్లలో నిల్వ ఉంచే బఫర్ ట్యాంకు కావాలి. కనిష్ఠ ఉత్పత్తి 5, అవసరం 1.5 కిలోవాట్లు, కనీసం 10 నిమిషాలు ఆగకుండా నడవాలి, ట్యాంకులో నీళ్లు 10 డిగ్రీలు పెరగవచ్చు అనుకుంటే 50 లీటర్లు సరిపోతుంది. కానీ ఒక గ్యారేజీని జోన్లుగా చీల్చాల్సిన పని అరుదు. ఒకే జోన్ ఉంచండి, ట్యాంకు ఖర్చు మిగులుతుంది.

## ఇక రకాలు

ఇంటి బాయిలర్ నుంచే తీసుకోవడం. ఇంట్లో ఇప్పటికే వేడినీటి హీటింగ్ ఉండి, గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఇళ్ల బాయిలర్లలో 4 కిలోవాట్లు మిగలడం సాధారణం. అయినా ఇంటి నష్టం లెక్క వేసి నిర్ధారించుకోండి. గ్యారేజీ వైపు గడ్డకట్టకుండా గ్లైకాల్ కలపాలి కాబట్టి మధ్యలో రెండు వైపుల నీళ్లు కలవకుండా వేడిని మాత్రం దాటించే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజరు, నీటి వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వు, విడి పంపు, వేడికి వ్యాకోచించే నీళ్లకు చోటిచ్చే విడి ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కావాలి. గ్యారేజీ దూరంగా ఉంటే భూమిలో ఇన్సులేటెడ్ పైపు వేయాలి. ఆ తవ్వకం ఖర్చు చిన్న ఎలక్ట్రిక్ బాయిలర్ ధరను మించితే ఈ దారి వదిలేయండి.

ఎలక్ట్రిక్ బాయిలర్. ఇలాంటి చిన్న అవసరానికి పరిమాణంలో సరిగ్గా అతికేది ఇదొక్కటే. 5, 6 కిలోవాట్లవి దొరుకుతాయి, చాలావాటిలో శక్తి మెట్లుమెట్లుగా తగ్గుతుంది. పొగగొట్టం లేదు, మంట లేదు, కండెన్సేట్ నీళ్లు (పొగలోని ఆవిరి ద్రవమై వచ్చేవి) లేవు. 230 వోల్టుల మీద 6 కిలోవాట్లు 26 ఆంపియర్లు లాగుతుంది. గంటల తరబడి నడిచే లోడు కనుక దానికి సొంత సర్క్యూటు, తగినంత పెద్ద బ్రేకరు ఉండాలి. గ్యారేజీకి వచ్చే కేబుల్ అంత మోయగలదో లేదో కొనకముందే ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. లోపం కరెంటు బిల్లు. గ్యాస్ చౌకగా ఉన్నచోట శీతకాలమంతా 15 డిగ్రీల్లో ఉంచితే భారమే.

గ్యాస్ కండెన్సింగ్ బాయిలర్. నేల వేడికీ దీనికీ జోడీ బాగా కుదురుతుంది. తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే పొగలోని నీటి ఆవిరి ద్రవమై దాని వేడి మనకు దక్కుతుంది. మన నేల నుంచి నీళ్లు 25, 30 డిగ్రీల్లో తిరిగొస్తాయి. కొనేటప్పుడు గరిష్ఠాన్ని పక్కనపెట్టి కనిష్ఠాన్ని అడగండి. పదో వంతుకు దిగేవి ఉన్నాయి. 15 కిలోవాట్లది అలా దిగితే 1.5 కిలోవాట్లు, మనకు చక్కగా సరిపోతుంది. కండెన్సేట్ నీళ్లు ఆమ్లగుణం కలవి, పైగా ఆ గొట్టం బయట గడ్డకడితే బాయిలర్ ఆగిపోతుంది. వీలైనంత వరకు లోపలినుంచే డ్రెయిన్‌కు పంపండి.

గ్యారేజీలో మంట పెట్టేముందు ఇంకో సంగతి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంబడి పాకుతుంది. అందుకే అమెరికా నిబంధనలు గ్యారేజీలో నిప్పురవ్వ పుట్టించే పరికరాలు నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలంటాయి. మీ దగ్గర నిబంధన ఏదైనా సరే, గోడకు ఎత్తుగా తగిలించే, మంటకు కావాల్సిన గాలిని బయటినుంచే తీసుకునే సీల్డ్ రకమే కొనండి. చెక్కపొట్టు, రంగుల ఆవిరి ఉండే చోట ఇది మరీ ముఖ్యం. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టండి.

నీళ్ల గీజర్. చౌక అని చాలామందికి వచ్చే ఆలోచన. ట్యాంకు ఉన్న ఎలక్ట్రిక్ గీజర్ 4.5 కిలోవాట్లదైతే మన లెక్కకు సరిపోతుంది, ట్యాంకే బఫర్‌గా పనిచేస్తుంది. కొన్నిచోట్ల గది వేడికి గీజర్ వాడటాన్ని నిబంధనలు ఒప్పుకోవు, తయారీదారు వారంటీ ఇవ్వకపోవచ్చు. రెండూ ముందే అడగండి. స్నానాల నీళ్లనూ నేల నీళ్లనూ ఒకే ట్యాంకులో ఎప్పుడూ కలపకండి. సాధారణ గ్యాస్ గీజర్ మాత్రం వద్దు. చల్లని నీళ్లు తిరిగొస్తే పొగ లోపలే చెమర్చి ట్యాంకు, పొగగొట్టం తుప్పు పడతాయి. ట్యాంకు లేని గ్యాస్ గీజర్‌లో నీళ్ల దారి ఇరుకు, పెద్ద పంపు కావాలి. దాని కనిష్ఠ మంట కూడా మనకు ఎక్కువే.

గాలి నుంచి నీటికి హీట్ పంపు, అంటే కరెంటుతో బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే యంత్రం. 35 డిగ్రీల నీళ్లు చాలన్న చోట ఇది బాగా రాణిస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు ఓ మాదిరి చలిలో మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. గడ్డకట్టే చలిలో రెండు, రెండున్నర. పరిమాణం చూసేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూడకండి. అది తరచూ బయట 7 డిగ్రీలున్నప్పటి లెక్క. మైనస్ 15లో ఎంత ఇస్తుందో పట్టికలో వెతకండి. పెట్టుబడి ఎక్కువ కనుక గ్యారేజీ ఒక్కదానికే పెడితే తిరిగి రావడం కష్టం. ఇంటికీ కలిపి ఆలోచిస్తే అర్థవంతం.

| రకం | 4–5 కిలోవాట్ల అవసరానికి | పెట్టుబడి | నడిపే ఖర్చు | ప్రధాన చిక్కు |
|---|---|---|---|---|
| ఇంటి బాయిలర్ | బాగా సరిపోతుంది | తక్కువ నుంచి మధ్యస్థం | ఇంటి ఇంధనాన్ని బట్టి | దూరం, హీట్ ఎక్స్‌ఛేంజరు |
| ఎలక్ట్రిక్ బాయిలర్ | సరిగ్గా సరిపోతుంది | తక్కువ | ఎక్కువ | కేబుల్ సామర్థ్యం |
| గ్యాస్ కండెన్సింగ్ | కనిష్ఠం తక్కువైతేనే | మధ్యస్థం నుంచి ఎక్కువ | గ్యాస్ చౌకైతే తక్కువ | పొగగొట్టం, కండెన్సేట్ |
| ఎలక్ట్రిక్ గీజర్ | సరిపోవచ్చు | అన్నిటికన్నా తక్కువ | ఎక్కువ | నిబంధనలు, వారంటీ |
| హీట్ పంపు | చలిలో ఇచ్చేది చూసి | అన్నిటికన్నా ఎక్కువ | తక్కువ | పెట్టుబడి రాబట్టడం |

నడిపే ఖర్చు మీరే పోల్చుకోవచ్చు. సహజ వాయువు ఒక ఘన మీటరులో సుమారు 10 కిలోవాట్ గంటలు, ఒక లీటరు ప్రొపేన్‌లో సుమారు 7 ఉంటాయి. ధరను ఆ అంకెతో, ఆపైన బాయిలర్ సామర్థ్యంతో భాగించండి. గ్యాస్ వేడి యూనిట్ ధర కన్నా కరెంటు యూనిట్ ధర మూడు రెట్లు ఉంటే, సగటున మూడు యూనిట్లు ఇచ్చే హీట్ పంపు దానికి సమానం. ఎలక్ట్రిక్ బాయిలర్‌కు మాత్రం మూడింతలు ఖర్చు.

## ఎవరికి ఏది?

కారు, పైపులు గడ్డకట్టకుండా ఉంటే చాలనుకునేవారికి ఎలక్ట్రిక్ బాయిలరే నా మొదటి సలహా. 7 డిగ్రీలకు 2.8 కిలోవాట్లే కావాలి, ఏడాదిలో నడిచే గంటలూ తక్కువే. బిల్లు ఎక్కువన్న భయంతో గ్యాస్ లైను, పొగగొట్టం వేయిస్తే ఆ ఖర్చు చాలా ఏళ్లకుగానీ తీరదు.

రోజూ పనిచేసే వర్క్‌షాపు, గ్యాస్ లైను అందుబాటులో ఉన్నవారు తక్కువకు దిగే కండెన్సింగ్ బాయిలర్ తీసుకోండి. థర్మోస్టాట్‌ను రాత్రిళ్లు తగ్గించి పొద్దున పెంచే అలవాటు ఇక్కడ పనికిరాదు, స్లాబు ఆ వేగాన్ని అందుకోలేదు. ఒకే ఉష్ణోగ్రతలో వదిలేయండి.

ఇన్సులేషన్ లేకుండా ఎప్పుడో పోసిన స్లాబు ఉన్నవారి పరిస్థితి కష్టం. దానిమీద ఇన్సులేషన్ పరిచి, పైపులు వేసి పలుచని కాంక్రీటు పోయవచ్చు. కానీ నేల ఎత్తు పెరుగుతుంది, కారు తలుపు, గడప మార్చాలి. అది కుదరకపోతే నేల వేడి ఆలోచన మానుకుని, కప్పు కింద వేలాడే హీటర్ పెట్టడమే మంచిది.

దూరపు ఊళ్లకు వెళ్లేవారు, తరచూ కరెంటు పోయే చోట ఉన్నవారు గ్లైకాల్ గురించి తప్పక ఆలోచించాలి. 30 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల వరకు, 40 శాతం మైనస్ 21 వరకు గడ్డకట్టదు. కార్లలో పోసే కూలెంట్ వాడకండి. గ్లైకాల్ నీళ్ల కన్నా కొంచెం తక్కువ వేడి మోస్తుంది, చిక్కగా ఉంటుంది. మన గ్యారేజీకి నీళ్లయితే నిమిషానికి సుమారు 5.5 లీటర్లు చాలు, గ్లైకాల్ అయితే 6. పంపు కాస్త బలమైనది చూసుకోవాలి, బాయిలర్ సైజు మార్చక్కర్లేదు.

ఇంకా కాంక్రీటు పోయనివారు అదృష్టవంతులు. బాయిలర్ ఏదన్నది వచ్చే ఏడాది తేల్చుకున్నా ఫరవాలేదు. స్లాబు కింద 50 మిల్లీమీటర్ల గట్టి ఫోమ్ బోర్డు, అంచుల చుట్టూ అదే బోర్డు ఇప్పుడే వేయకపోతే మాత్రం మళ్లీ వేయలేరు. మామూలు ప్యాకింగ్ థర్మోకోల్ కారు బరువుకు నలిగిపోతుంది, నేల కింద వేయడానికి తగిన సాంద్రత ఉన్నదే అడగండి. అరంగుళం పెక్స్ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు 250 మిల్లీమీటర్ల ఎడంతో వేస్తే సుమారు 200 మీటర్లు పడుతుంది. దాన్ని మూడు లూపులుగా విడగొట్టి, ఒక్కోటి 90 మీటర్లు దాటకుండా చూడండి. కాంక్రీటు పోసేటప్పుడు పైపుల్లో గాలి నింపి ప్రెషర్ గేజి తగిలించి ఉంచండి. ఎవరి పార అయినా తగిలి పైపు చిల్లుపడితే ముల్లు వెంటనే పడిపోతుంది, కాంక్రీటు పచ్చిగా ఉండగానే అక్కడ తవ్వి అతకవచ్చు.